పడవ ఎక్కిన తలుపు

కొత్త కలాబ్షా
4 సెప్టెంబరు 1995, సోమవారం

దావూద్ అన్నయ్యకి,

నీ చెల్లెలు నబ్రా సలాములు. మస్కాగ్నా అన్నా, ఒంట్లో బాగుందా? అల్లాహ్ దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. మీ బావగారికి దగ్గు తగ్గింది. నా మోకాలు మాత్రం తగ్గలేదు. నమాజులో లేచేటప్పుడు గోడ పట్టుకుంటున్నాను. గోడకి అవతల పక్కింటి సుక్కరా కూడా పట్టుకునే లేస్తుందట. ఒకే గోడ కదా, ఇద్దరికీ సరిపోతోంది.

అష్రీకి నెలలు నిండాయి. అక్టోబరులో అంటున్నారు. తొలి కాన్పు. నా కూతురు తల్లి కాబోతోందంటే నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

నలభయ్యో రోజు గురించే ఈ ఉత్తరం. బిడ్డనీ తల్లినీ నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, మొహం కడిగి, ఏడు పిడికిళ్ళ సంకటి నీళ్ళలో వదలాలి కదా. ఇక్కడ అందరూ చెరకు తోటల పంటకాలువకి వెళ్తారు. అష్రీ పుట్టినప్పుడు నేనూ అక్కడికే వెళ్ళాను. నీటి మీద పంపు నూనె తేలుతోంది. సంకటి ఆ నూనెలో పడి అక్కడే ఆగిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను, ఎవరికీ చెప్పలేదు. ఆ నీళ్ళకి మనం ఎవరమో తెలియదు అన్నా.

మసీదులో కొత్తగా వచ్చిన కుర్ర ఇమాం ఇది తప్పంటాడు. "నేను అడిగేది అల్లాహ్‌నే నాయనా. సంకటి చేపలకి. చేపలకి అన్నం పెట్టకూడదని ఎక్కడ రాసి ఉంది?" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. మంచి పిల్లాడు.

నువ్వు కైరోలో వంటపని మానేసి సరస్సు ఒడ్డుకి వెళ్ళేటప్పుడు, నాన్న పడవలాంటి పడవ కట్టిస్తానన్నావు. అయిందా? అయితే అష్రీ బిడ్డని, ఆనకట్ట కట్టాక మన వాడ మునిగిన చోటికి, ఆ నీళ్ళ మీదికి, తెరచాపతో తీసుకెళ్ళి తీసుకురావాలి. మా వియ్యపురాలు బదరియా "మా తమ్ముడికి మోటారు పడవ ఉంది, ఇలా తీసుకెళ్ళి అలా తెచ్చేస్తాడు" అంది, నలుగురిలో. నేను మెల్లగానే అన్నాను, "మా అన్నయ్య సరంగు" అని. అందరూ నా వైపు చూశారు. కాబట్టి నా మాట ఇప్పుడు నీ చేతిలో ఉంది.

ఐసు లారీ నడిపే షాజ్లీ చేతికి ఈ ఉత్తరంతో పాటు ఖర్జూరాలు, ఎండబెట్టిన రొట్టె పంపుతున్నాను. దారిలో తినొద్దని చెప్పాను. తింటాడు.

నీ చెల్లెలు
నబ్రా


సరస్సు ఒడ్డు, ఆనకట్టకి దక్షిణాన
15 సెప్టెంబరు 1995

చెల్లీ,

సలాం. సగం ఖర్జూరాలు అందాయి.

పడవ అయింది! మొన్ననే నీళ్ళలోకి దింపాను. నువ్వు చూడాలి నబ్రా. నాన్న పడవే, అచ్చు అలాగే. వెడల్పాటి అడుగు, పొట్టి చాపకొయ్య, పొడుగాటి తెరచాప. అస్వాన్‌లో వడ్రంగి "కింద నడిమధ్యలో పైకీ కిందికీ జరిగే ఇనప పలక పెడతాను సరంగూ, ఇప్పుడందరూ పెట్టించుకుంటున్నారు" అన్నాడు. "మా నాన్న పడవకి ఇనప ముక్క లేదయ్యా. ఉత్తరపు గాలి ఎగువకి తీసుకెళ్తుంది, ఏరు దిగువకి తీసుకొస్తుంది. మధ్యలో నీ ఇనుమెందుకు?" అన్నాను. నోరు మూసుకుని నేను చెప్పినట్టే కట్టాడు.

ఇక్కడ జాలరులంతా ఎగువ ఈజిప్టు వాళ్ళు, మన వాళ్ళు ఒక్కరూ లేరు. నన్ను 'వంటాయన' అంటారు. వాళ్ళ పెద్ద ఖల్లాఫ్. నోటి దురుసు మనిషి, కానీ చెయ్యి మంచిది. "వంటాయనా, ఈ పడవ చూస్తే నాకు పిండి కలిపే తొట్టె గుర్తొస్తోంది" అన్నాడు. "ఆ తొట్టెలో మా నాన్న సూడాను దాకా ఖర్జూరం మోశాడు" అన్నాను. అందరూ నవ్వారు గానీ, నేను కొయ్యకి చాప కట్టేటప్పుడు దగ్గరికొచ్చి నిలబడి చూశారు. వాళ్ళందరివీ మోటారులూ తెడ్లూ. చాప ముడి వెయ్యడం ఒక్కడికీ రాదు.

ఉదయం పూట ఇక్కడ నిలబడితే ఉత్తరాన ఆనకట్ట ఒక గీతలా కనిపిస్తుంది. నేను దానికి వీపు పెట్టి కూర్చుంటాను.

బదరియాగారికి చెప్పు, మోటారు పడవని వాళ్ళ తమ్ముడి దగ్గరే ఉంచమని. అష్రీ బిడ్డని నేను తీసుకెళ్తాను, నేనే తీసుకొస్తాను. ఒకరి తాడు పట్టుకోను, ఒక బొట్టు డీజిలు కాల్చను. రాసిచ్చాననుకో.

నీ అన్న
సరంగు దావూద్


కొత్త కలాబ్షా
14 అక్టోబరు 1995, శనివారం

అన్నయ్యా,

అల్‌హందులిల్లాహ్! బుధవారం తెల్లవారుజామున అష్రీకి ఆడపిల్ల పుట్టింది. అమ్మ పేరే పెట్టాం, దహీబా. నుదురు కూడా అమ్మదే. తల్లీ పిల్లా బాగున్నారు. బదరియా వదిన మనవడు కావాలని మొక్కుకుందట. పిల్లని ఒళ్ళో పెట్టగానే ఆ సంగతి మరిచిపోయింది. ఇప్పుడు ఎవరికీ ఇవ్వడం లేదు.

నలభయ్యో రోజు నవంబరు ఇరవై, సోమవారం. వదిన మళ్ళీ మోటారు ఊసెత్తలేదు. నీ ఉత్తరం తనకి చదివి వినిపించాను. 'ఒకరి తాడు పట్టుకోను' అన్న చోట రెండుసార్లు చదివాను.

ఒక్క మాట అన్నా. తప్పుగా అనుకోకు. సెప్టెంబరు చివర్లో నువ్వు ఎవరిదో పడవ వెనక తాడుకి కట్టుకుని ఒడ్డుకి వచ్చావనీ, తలపాగా మొహానికి చుట్టుకున్నావనీ, నాలుగు రోజులు ఎవరితో మాట్లాడలేదనీ షాజ్లీ చెప్పాడు. జ్వరం వచ్చిందా? పడవకేమైనా అయిందా? షాజ్లీ మాటల్లో సగమే నిజం ఉంటుందని నాకు తెలుసు. ఏ సగమో చెప్పు.

నిన్నటి నుంచి ప్రతి నమాజు తర్వాత నీ పేరు విడిగా తీసుకుంటున్నాను.

నబ్రా


సరస్సు ఒడ్డు
22 అక్టోబరు 1995

నబ్రా,

పాప పుట్టినందుకు చాలా సంతోషం. అమ్మ పేరు పెట్టినందుకు ఇంకా సంతోషం. నాకు జ్వరం లేదు.

మీ ఇంటి వెనక గదిలో నాన్న తలుపు ఉంది కదా, పాత ఇంటిది. అది నాకు కావాలి. షాజ్లీ లారీలో వేసి పంపు. నలభయ్యో రోజుకి ముందే కావాలి.

ఎందుకని అడగొద్దు.

దావూద్


కొత్త కలాబ్షా
27 అక్టోబరు 1995, శుక్రవారం

అన్నయ్యకి సలాములు.

నీ ఉత్తరం వచ్చాక రెండు రాత్రులు నిద్రపోలేదు. కోపం కాదు. నేను నీ మీద కోపం తెచ్చుకునే దాన్ని కాదు, నీకు తెలుసు.

షాజ్లీని అడిగాను. "చెక్క కోసం, మోకుల కోసం, బందులు మేకుల కోసం మీ అన్నయ్య ఒడ్డంతా తిరుగుతున్నాడమ్మా" అన్నాడు. రేవులో టీ అమ్మే విధవరాలితో కూర్చుని మాట్లాడుతున్నాడని కూడా అన్నాడు. చెక్క, బందులు, తలుపు. నేనేమీ చిన్నపిల్లని కాదు అన్నా. ఇల్లు కడుతున్నావు. ఇంట్లోకి ఒక మనిషిని తెచ్చుకుంటున్నావు.

చేసుకో. నీ ఇల్లాలు పోయి ఆరేళ్ళయింది, ఒంటరిగా ఉండమని ఎవరూ అనరు. ధర్మబద్ధమైన పనికి నేనెందుకు అడ్డు చెబుతాను? కానీ నాకు ముందు చెప్పొచ్చు కదా. ఆ తలుపు మనిద్దరిదీ. నాన్న చేతి పని, మనకి మిగిలింది అదొక్కటే. దాన్ని తెలియని ఇంటికి, నేను మొహం కూడా చూడని మనిషి ఇంటికి, 'ఎందుకని అడగొద్దు' అంటే ఎలా పంపను? పంపలేను. క్షమించు.

నీకు అక్కడ పనులు ఎక్కువగా ఉన్నట్టున్నాయి కనుక, నలభయ్యో రోజుకి బదరియా వదిన తమ్ముడి మోటారు పడవే మాట్లాడుకుంటాం. నువ్వు శ్రమపడకు.

అల్లాహ్ నిన్ను చల్లగా చూడాలి.

నబ్రా


సరస్సు ఒడ్డు
2 నవంబరు 1995

నబ్రా,

మోటారు పడవా! నీ నోటి నుంచే! ఆ టీ అమ్మే ఆమెకి డెబ్బయ్యేళ్ళు. నన్ను 'అబ్బాయ్' అంటుంది. వాళ్ళాయన పాత రోజుల్లో సరుకు పడవలు కట్టేవాడని, ఏమైనా గుర్తుందేమోనని అడగడానికి వెళ్ళాను. పెళ్ళట!

సరే, విను. అడగొద్దంటే నువ్వు పెళ్ళి దాకా వెళ్ళావు. చెప్పకపోతే మనవల దాకా వెళ్తావు.

సెప్టెంబరులో ఒక్కణ్ణే దక్షిణానికి వెళ్ళాను, దారి చూసుకుందామని. వీపున ఉత్తరపు గాలి. చాప ఎలా నిండిందనుకున్నావు! మన వాడ వెనకాల ఉండేదే పెద్ద కొండ, దాని నెత్తి ఒక్కటీ దిబ్బలా పైకి కనిపిస్తోంది. చూడగానే గుర్తుపట్టాను. అక్కడ రెండు రకాతుల నమాజు చేశాను. నా అంతటి వాడు లేడనిపించింది.

ఇక ఇంటికి రావాలి. అప్పుడేం చేశానో తెలుసా? చాప చుట్టాను. కొయ్యకి గట్టిగా కట్టేశాను. చుక్కాని చంకలో పెట్టుకుని, పొయ్యి ముట్టించి, టీ పెట్టుకుని, నాన్నలాగే వెనక్కి వాలి కూర్చున్నాను. ఏరు తీసుకెళ్తుందని.

ఒక గ్లాసు తాగాను. కొండ అక్కడే ఉంది. రెండో గ్లాసు తాగాను. కొండ దూరమైంది, కానీ నా వెనక్కి కాదు, నా ముందుకి. గాలి నన్ను ఇంకా దక్షిణానికి నెడుతోంది.

ఏరు లేదు నబ్రా. ఆనకట్ట కట్టి ఇన్నేళ్ళయింది. చిన్నపిల్లాడికి కూడా తెలుసు. నా తలకీ తెలుసు. చేతులకి తెలియదు. వాటంతటవే చాప చుట్టేశాయి.

మళ్ళీ చాప ఎత్తి, గాలికి ఓరగా ఇటూ అటూ కొట్టుకుంటూ ఎక్కుదామని చూశాను. వెడల్పాటి అడుగు కదా, నీళ్ళలో పట్టు లేదు. ముక్కు ఉత్తరానికి, నడక ఎండ్రకాయలా పక్కకి. విసిగి మళ్ళీ చాప చుట్టేశాను. సాయంత్రానికి ఖల్లాఫ్ మోటారు వేసుకుని వచ్చాడు. "సరంగూ, ఎవరికోసం కాచుకున్నావు?" అన్నాడు. చుట్టిన చాప చూశాడు, టీ గ్లాసు చూశాడు. అర్థమైపోయింది, తాడు విసిరాడు. ఆ రోజు నుంచీ ఇక్కడ ఎవరు టీ తాగినా ఒకటే మాట: "ఏరు వచ్చేదాకా ఇంకో గ్లాసు పోయించుకో సరంగూ!" చూశావా, ఇప్పుడు వంటాయన అనడం మానేశారు.

పడవ పక్కన ఒక బరువైన పలక నీళ్ళలోకి నిలువుగా దింపితే పట్టు దొరుకుతుంది, పక్కకి జారదు. టీ ఆమె చెప్పింది అదే. మామూలు చెక్క తేలిపోతుంది, అలకి విరిగిపోతుంది. నల్లతుమ్మ కావాలి, ఎండి రాయిలా అయిన నల్లతుమ్మ. ఈ ఎడారి ఒడ్డున అది ఎక్కడ దొరుకుతుంది? నాకు తెలిసిన పలక ఒక్కటే. వడ్రంగి దగ్గరికి వెళ్తే పడవ అస్వాన్‌కి మోయాలి, నెలలు పడుతుంది. వాడు నవ్వే నవ్వు కూడా భరించాలి.

అదీ సంగతి. తలుపు పంపుతావో, మోటారు ఎక్కుతావో నీ ఇష్టం.

దావూద్


కొత్త కలాబ్షా
6 నవంబరు 1995, సోమవారం

మా అన్నయ్యకి,

ముందు నవ్వాను, దాచను. టీ గ్లాసు దగ్గర ఎంత నవ్వానంటే గోడ అవతల నుంచి సుక్కరా "ఏమైందే?" అని కేకేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, నీ గురించి చెడుగా తలచినందుకు అల్లాహ్‌ని క్షమించమని అడిగాను. నిన్ను కూడా అడుగుతున్నాను.

ఒక చిక్కు వచ్చింది. నువ్వు మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నావని బదరియా వదినకి చెప్పేశాను. ఆవిడ 'ఎవరో టీ ఆమె ఎందుకు, మా వైపు మంచి సంబంధం ఉంది' అని నీకు మనిషిని కూడా చూసింది. ఇప్పుడు లేదని చెప్పడానికి వెళ్తే ఆవిడకి కోపం. వచ్చినప్పుడు నువ్వే చెప్పుకో.

తలుపు పంపుతున్నాను. షాజ్లీ, మీ బావగారు, ఇంకో ఇద్దరు కలిసి ఎక్కించారు. లారీలో ఐసు మీద గోనెలు పరిచి పడుకోబెట్టారు. నేను పక్కనే నిలబడి, క్షేమంగా చేరాలని ఆయతుల్ కుర్సీ చదివాను. దుమ్ము తుడిచేటప్పుడు చూశాను, కింది పగుళ్ళలో అమ్మ కొట్టిన సున్నం ఇంకా ఉంది.

నువ్వప్పుడు కైరోలో ఉన్నావు, నీకు తెలియదు. ఊరు ఖాళీ చేసిన రోజు స్టీమరు దగ్గర ఆఫీసరు అన్నాడు, "తలుపులెందుకమ్మా, అక్కడ ప్రతి ఇంటికీ కొత్త తలుపిస్తాం" అని. అమ్మ తలుపు స్టీమరు మీద పడుకోబెట్టి దాని మీద కూర్చుంది, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. దిగేదాకా లేవలేదు. ఆయన అబద్ధం చెప్పలేదులే. ఇచ్చారు, రేకు తలుపు. ఎండాకాలం ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

ఒక్కటే కోరిక అన్నా. దానికి రంపం పెట్టకు. మోకులు కట్టుకో, తడుపుకో, ఏమైనా చెయ్యి. కొయ్యకు.

మోటారు పడవ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నీ నబ్రా


సరస్సు ఒడ్డు
12 నవంబరు 1995

చెల్లీ,

తలుపు అందింది. పని చేస్తోంది! నిన్న ఖాళీ పడవతో ఒడ్డు దగ్గరే చూశాను. గాలి తగలని వైపు దాన్ని నీళ్ళలోకి దింపాను. పడవ ఒక్కసారి ఆగినట్టై, ముక్కు ఎత్తి, గాలికి ఎదురుగా ఎక్కడం మొదలుపెట్టింది. గుర్రానికి కళ్ళెం పడ్డట్టు. నేను అరిచిన అరుపు ఖల్లాఫ్ విన్నాడట.

కానీ నబ్రా, తలుపు ఒకటి, పడవకి పక్కలు రెండు. గాలికి ఎదురుగా రావాలంటే ఇటు కొంతదూరం, అటు కొంతదూరం వంకరగా రావాలి. మలుపు తిరిగిన ప్రతిసారీ తలుపు రెండో పక్కకి మారాలి. ఒక్కణ్ణే తీసి, మోసి, మళ్ళీ దింపేలోగా గాలి నన్ను వచ్చిన దారినే వెనక్కి తోసేస్తోంది. నిన్న రెండు మలుపులకే నడుము పట్టేసింది. మన వాడ దగ్గర నుంచి ఇక్కడికి రోజంతా మలుపులే.

మధ్యకి కోసి రెండు చేస్తే, చెరో పక్కన వేలాడదీసుకోవచ్చు. ఒక్కడినే చాలు. రంపం తెచ్చి ముందు పెట్టుకుని కూర్చున్నాను. నీ మాట గుర్తొచ్చి పక్కన పెట్టేశాను.

ఖల్లాఫ్ "మేం నలుగురం వస్తాం, మోస్తాం" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. వద్దన్నాను. వాళ్ళు మోస్తే నేను తెచ్చినట్టా, వాళ్ళు తెచ్చినట్టా?

కొయ్యమంటే కోస్తాను. వద్దంటే మోటారు మాట్లాడుకోండి. ఈసారి కోపంతో అనడం లేదు. పసిబిడ్డతో నడిసరస్సులో ఆగిపోకూడదు. నేను ఒడ్డున నిలబడి చూస్తాను.

దావూద్


కొత్త కలాబ్షా
15 నవంబరు 1995, బుధవారం

అన్నయ్యా,

షాజ్లీ లారీ ఆపి నిలబడ్డాడు, అందుకే నాలుగు ముక్కలు.

కొయ్యొద్దు. మానొద్దు. నేను కొయ్యొద్దన్నాను కనుక నేనే మోస్తాను. నేను, సుక్కరా, సుక్కరా కోడలు, బదరియా వదిన. వదిన "గాజుల చేతులతో తలుపు మొయ్యాలా?" అంది. "గాజులు తీసెయ్ వదినా" అన్నాను. తర్వాత నాకే భయం వేసింది, వియ్యపురాలితో అలా మాట్లాడానేంటని. ఆవిడ గాజుల వైపు చూసుకుని, "ఎన్నింటికి బయలుదేరాలి?" అని అడిగింది.

సోమవారం సూర్యోదయానికల్లా ఒడ్డున ఉంటాం. ఇన్షా అల్లాహ్. టీ మాత్రం పెట్టకు.

నబ్రా


కొత్త కలాబ్షా
26 నవంబరు 1995, ఆదివారం

మా అన్నయ్య సరంగు దావూద్‌కి,

వారమైంది, నా అరచేతులు ఇంకా మూసుకోవడం లేదు. ఈ ఉత్తరం అష్రీ రాస్తానంది. నేనే రాస్తానన్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తలుపుదే తప్పు.

ఆ రోజు నువ్వు చాపనీ గాలినీ తప్ప దేన్నీ చూడలేదు. అందుకే నువ్వు చూడనివి రాస్తున్నాను.

వెళ్ళేటప్పుడు అందరం ఊరికే కూర్చున్నాం. గాలి తీసుకెళ్ళింది. కొండ నెత్తి కనిపించగానే నువ్వు చాప దించావు. సుక్కరాకి అప్పుడే అర్థమైంది. "ఇక్కడేనా?" అంది. "నీ ఇల్లు ఇంకొంచెం అటు" అన్నావు. ఆవిడ పడవలో రెండు అడుగులు అటు జరిగి కూర్చుంది. అది నువ్వు చూడలేదు.

అష్రీ పాప మొహం కడిగింది. దహీబా ఏడవలేదు. నాలుక బయటపెట్టి నీళ్ళు రుచి చూసింది. ఏడు పిడికిళ్ళ సంకటీ మునిగింది అన్నా, ఒక్కటీ తేలలేదు. నేను కింద ఉన్న మన వాళ్ళందరికీ ఫాతిహా చదివాను. నాన్నమ్మ దగ్గర మొదలుపెట్టి గుర్తున్న పేర్లన్నీ చెప్పాను. దుఃఖం వస్తుందనుకున్నాను. రాలేదు. పిల్లని చూపించడానికి వచ్చాం, చూపించాం. ఆ ఇంట్లో ఇంకొకరు పుట్టారని చెప్పడానికి వచ్చినప్పుడు ఎవరైనా ఏడుస్తారా?

తిరుగు ప్రయాణం నీకూ తెలుసు. కానీ నీ వెనక జరిగింది తెలియదు. మొదటి మలుపులో తలుపు నీళ్ళలోంచి లాగలేక నలుగురం ఒకరి మీద ఒకరం పడ్డాం. నలుగురూ నాలుగు వేళలకి లాగుతున్నాం. ఎవరైనా పాట అందుకోవాలి. సుక్కరాకి ఆయాసం. కోడలికి సిగ్గు. అప్పుడు నేను అరిచాను, "హైలెస్సా!" అని. అన్నా, నేను! పెళ్ళిళ్ళలో కూడా గొంతు బయటికి రాని నేను. చిన్నప్పుడు నాన్న పడవ లాగేటప్పుడు ఒడ్డున మగవాళ్ళు అరిస్తే విన్న అరుపు. లోపల అలాగే ఉందన్నమాట. "బిస్మిల్లాహ్, హైలెస్సా!" అనగానే తలుపు లేచింది. తర్వాత ప్రతి మలుపుకీ నేనే. మధ్యాహ్నానికల్లా వదిన "నబ్రా, ఇంకా గట్టిగా అరవు, వినబడి చావడం లేదు" అని నన్ను కసిరింది. కొంగు నడుముకి బిగించి, నీళ్ళలో మోచేతుల దాకా తడిసి, "అటు కాదు, ఇటు పట్టు!" అని సుక్కరా కోడలిని అదిలించింది. మోటారు పడవ వాళ్ళ అక్క!

ఎండ వాలాక ఖల్లాఫ్ వచ్చాడు కదా. మన పక్కకి తెచ్చి, తాడు చుట్ట చేతిలో పట్టుకుని, "సరంగూ, అందుకో! ఆడవాళ్ళు అలసిపోయారు" అన్నాడు. నువ్వు తల తిప్పలేదు. నీ మెడ నరాలు మాత్రం కనిపించాయి. నేనే చెప్పాను, మామూలుగానే, మెల్లగా. "మా చేతులు ఖాళీగా లేవు నాయనా" అన్నాను.

అప్పుడు జరిగింది నువ్వు చూసి ఉండవు. అతను కాసేపు మన చేతుల వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. తాడు చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. మోటారు ఆపేశాడు. తెడ్డు తీసుకుని, దూరంగా, మన వెనకాలే వేసుకుంటూ వచ్చాడు ఒడ్డు దాకా. మనల్ని దాటి ముందుకి రాలేదు. పెళ్ళివారి వెనక నడిచినట్టు.

పొద్దుగూకి, మగ్రిబ్ నమాజు వేళకి పడవ ఇసుకకి తగిలింది. ఒడ్డున టీ గ్లాసులతో కూర్చున్న జాలరులు లేచి నిలబడ్డారు. వాళ్ళ ముందు నుంచి మన అష్రీ, అమ్మ పేరుగల పిల్లని ఎత్తుకుని దిగింది. నా జన్మలో నేను అంత నిటారుగా ఎప్పుడూ నిలబడలేదు. మోకాలు గుర్తే లేదు. ఇప్పుడు గుర్తొస్తోందిలే.

నువ్వు మాత్రం దిగగానే తలుపు తుడుచుకుంటూ కూర్చున్నావు. మాతో ఒక్క మాట అనలేదు. భోజనం కూడా సరిగ్గా చేయలేదు. వదిన "మీ అన్నయ్యకి మా మోత నచ్చలేదేమో" అంది. నచ్చలేదా? ఎక్కడైనా తప్పు చేశామా? ఉంటే చెప్పు, మనసులో పెట్టుకోకు.

ఆ పెళ్ళి సంబంధం సంగతి వదిన ఇక ఎత్తనంది. 'గాలికి ఎదురెళ్ళే మనిషితో మా పిల్ల వేగలేదు' అంది. నీకు బెడద తప్పింది.

తలుపు అక్కడే ఉండనీ. నాకు ఇక్కడ ప్రభుత్వం ఇచ్చింది ఉంది.

నీ చెల్లెలు
నబ్రా


సరస్సు ఒడ్డు
3 డిసెంబరు 1995

నబ్రా,

నచ్చకపోవడమా! మీ బుర్రలకి ఎప్పుడూ ఉల్టానే తోస్తుందా? నీ గొంతు మొదటిసారి నా వెనక లేచినప్పుడు చుక్కాని వదిలేయబోయాను. ఆ తర్వాత రోజంతా నోరు బిగించుకుని కూర్చున్నాను. తెరిచి ఉంటే ఏం బయటికొచ్చేదో నాకే తెలియదు. సరంగు కళ్ళు తుడుచుకుంటూ చుక్కాని పడితే ఎవరైనా పడవెక్కుతారా? వదినగారికి చెప్పు, కైరోలో అంతకాలం ఎందరి చేతి పనో చూశాను, నాలుగు జతల చేతులు అంత ఒక్క మాట మీద నడవడం చూడలేదని.

తలుపుకి నువ్వులనూనె పట్టించాను. అంచున కొంచెం గీరుకుంది, అంతే. ఖల్లాఫ్ రోజూ వచ్చి దాన్ని తట్టి చూసి వెళ్తున్నాడు. నిన్న చాప ముడి నేర్పమన్నాడు. నేర్పుతున్నాను. వేళ్ళు మొద్దు.

అసలు సంగతి. దహమీత్ ఊరి వాళ్ళు, నీకు తెలియని వాళ్ళే, కొత్త ఊరి నుంచి ట్రక్కు మాట్లాడుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చారు. మగపిల్లాడు పుట్టాడట, నలభయ్యో రోజు దగ్గర పడుతోంది. వాళ్ళ ఊరు మన వాడ కంటే ఇటే మునిగింది. తీసుకెళ్ళి తీసుకొస్తారా అని అడిగాడు పిల్లాడి తాత. ఏమివ్వమంటారని అడిగాడు. "డబ్బొద్దు. గట్టి ఆడవాళ్ళని నలుగురిని తెచ్చుకోండి" అన్నాను. తెల్లబోయాడు. వెనక నుంచి ఆయన భార్య "మేం ఐదుగురం ఉన్నాం. కానీ మాలో అరిచేవాళ్ళు ఎవరూ లేరు. మొన్న అరిచినావిడ వస్తుందా?" అంది. ఆ మాట అక్కడి దాకా ఎలా పాకిందో నాకు తెలియదు. షాజ్లీనే అయి ఉంటాడు.

"ఆవిడ చాలా మెల్లగా మాట్లాడే మనిషి, అడిగి చూస్తాను" అన్నాను.

వచ్చే గురువారం తెల్లవారుజామున షాజ్లీ లారీ మీ ఇంటి ముందు ఆగుతుంది. ముందు సీటు నీకోసం చెప్పి ఉంచాను. అరచేతులకి గుడ్డ చుట్టుకుని రా.

నీ అన్న
దావూద్